టైరు మీద అంకెలు: రబ్బరు అడవి నుంచి మన ఘాట్ రోడ్డు దాకా



ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మొదలయ్యేది మా ఇంటి బండి టైర్లతో. మధ్యలో అమెజాన్, కాంగో, లైబీరియా, అమెరికా తిరిగి మళ్ళీ మన ఘాట్ రోడ్డుకే వస్తాను. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే కాదు, మన బండి చక్రానికి ఉన్న రబ్బరుకి కూడా చరిత్ర ఉంది. అందులో మనలాంటి అడవి జనం చాలామంది ఉన్నారు.

మా ఇంట్లో పాత బొలెరో ఒకటి ఉంది. చిన్నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పేరుకి మా ఇంటి బండే గానీ, నిజానికి ఊరందరిదీ. సంతరోజు కాఫీ, పసుపు, మిరియాల బస్తాలు అందులోనే. పెళ్ళికి వెళ్ళాలన్నా అదే. రాత్రిపూట ఎవరికైనా పురిటి నొప్పులు వస్తే, డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చి ఎక్కించేది కూడా అందులోనే.

2024లో వానలు మొదలయ్యే ముందు చూస్తే వెనక టైర్లు రెండూ నున్నబడిపోయి ఉన్నాయి. ముందు టైర్లకి ఇంకా సగం బటన్లు ఉన్నాయి. టైర్లు వేయిద్దామని నన్ను వెంటబెట్టుకుని చిన్నాన్న కిందకి దిగాడు. షాపు ఆయన రెండు రకాలు చూపించాడు. మొదటి రకం మా బండికి ఉన్నవాటికంటే వెడల్పు. "ఇవి వేస్తే బండి ఎత్తుగా, దర్జాగా ఉంటుంది" అన్నాడు. రెండో రకం మా సైజే, పైగా చాలా చవక. రెండు మంచి టైర్ల డబ్బుకి ఇంకొంచెం కలిపితే నాలుగూ వచ్చేస్తాయి. చిన్నాన్న మొహం వెలిగిపోయింది.

నేను ఆ చవక టైరు పక్కన వంగి చూస్తే, చిన్న గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు కనిపించాయి: 2316.

"చిన్నాన్నా, ఇది 2016లో ఇరవై మూడో వారం చేసిన టైరు. ఎనిమిదేళ్ళు నిండాయి."

"ఒరే, వాడలేదు కదరా, కొత్తదే కదా. ఏ టైరైనా నల్లగా, గుండ్రంగానే ఉంటాది. నీ చదువంతా దీని మీదే చూపించాలా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆ అంకెలు చదవడం తెలుసు కానీ, అవి అక్కడికి ఎందుకొచ్చాయో ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని చదివాను. చదివింది ఇక్కడ పంచుకుంటున్నాను.

రబ్బరు నల్లగా ఉండదు

ముందు చిన్నాన్న మాట నుంచే మొదలుపెడదాం. రబ్బరు అసలు నల్లగా ఉండదు. చెట్టు బెరడు మీద గాటు పెడితే పాలు కారతాయి, తెల్లటి పాలు. మారేడుమిల్లి, రంపచోడవరం వైపు రబ్బరు తోటలు చూసినవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. మొదటి టైర్లు కూడా తెల్లగానో, లేత రంగులోనో ఉండేవి. 1910ల నుంచి వాటిలో కార్బన్ బ్లాక్ అనే మసి కలపడం మొదలైంది. అది కలిపితే రబ్బరు చాలా గట్టిపడుతుంది, తొందరగా అరగదు. అంటే ఆ నలుపు అలంకారం కోసం కాదు, బలం కోసం వేసిన మందు.

రబ్బరును కనిపెట్టింది ఎవరు? స్కూలు పుస్తకాల్లో చార్లెస్ గుడ్‌ఇయర్ పేరు ఉంటుంది. ఆయన 1839లో రబ్బరుకి గంధకం కలిపి వేడి చేస్తే అది ఎండకి కరగకుండా, చలికి పగలకుండా ఉంటుందని గమనించాడు. 1844లో పేటెంటు తీసుకున్నాడు. అది గొప్ప పనే. కానీ దానికి మూడు వేల ఏళ్ళకంటే ముందే మెక్సికో ప్రాంతపు ఆదివాసీలు రబ్బరు బంతులు చేసి ఆడుకున్నారు. అక్కడ ఎల్ మనాతి అనే చోట తవ్వకాల్లో దొరికిన బంతులు క్రీస్తుపూర్వం 1600 ప్రాంతానివి. వాళ్ళు చెట్టు పాలలో ఒక రకం తీగ రసం కలిపేవాళ్ళు. ఆ తీగ మన పెరటి కాశీరత్నం జాతికి దగ్గరది. ఆ రసం కలిపితే పాలు సాగే రబ్బరుగా మారతాయని 1999లో అమెరికా పరిశోధకులు చేసి చూసి మరీ నిర్ధారించారు. ఇంత పని తెలిసిన ఆ జనానికి పేటెంటు లేదు, పుస్తకంలో పేరూ లేదు.

ఆ తర్వాత గాలి టైరు వచ్చింది. స్కాట్లండ్ మనిషి రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు గానీ అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయ్‌డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి మళ్ళీ గాలి టైరు చేశాడు. ఈసారి సైకిళ్ళ పిచ్చి మొదలైన కాలం కాబట్టి అది నిలబడింది. 1895లో మిషెలిన్ అన్నదమ్ములు పారిస్-బోర్డో-పారిస్ పందెంలో గాలి టైర్లతో కారు నడిపి చూపించారు. అక్కడి నుంచి ప్రపంచమంతా ఒకటే అరుపు: రబ్బరు కావాలి, రబ్బరు కావాలి.

ఆ రబ్బరు ఎక్కడిది?

అడవిది. అడవిలోంచి దాన్ని తెచ్చేది ఎవరు? అడవి జనం.

కాంగో దేశం 1885 నుంచి 1908 దాకా బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉంది. ఒక దేశం మొత్తం ఒక మనిషి ఆస్తి! అక్కడ రబ్బరు తీగల నుంచి వచ్చేది. ఊరికి ఇంత రబ్బరు తేవాలని కోటా పెట్టారు. తేకపోతే ఆడవాళ్ళను బందీలుగా పట్టుకెళ్ళేవాళ్ళు. సైనికులకు ఇచ్చిన తూటాలు వేటకి వృథా చేయలేదని రుజువు కావాలి కాబట్టి, కాల్చిన ప్రతి తూటాకి నరికిన చెయ్యి ఒకటి లెక్క చూపించాలి. 1904లో ఆలిస్ సీలీ హారిస్ అనే ఆమె తీసిన ఫోటో ఒకటుంది. న్‌సాలా అనే తండ్రి ఇంటి అరుగు మీద కూర్చుని, తన చిన్న కూతురి తెగిన చేతిని, పాదాన్ని చూస్తూ ఉంటాడు. నేను ఆ ఫోటో ఇక్కడ పెట్టడం లేదు. పెట్టలేను. అలాంటి ఫోటోలు, ఎడ్మండ్ మోరెల్ రాతలు, రోజర్ కేస్‌మెంట్ నివేదిక కలిసి ప్రపంచాన్ని కదిలించాయి. 1908లో ఆ దేశాన్ని రాజు చేతుల్లోంచి బెల్జియం ప్రభుత్వం తీసుకోవాల్సి వచ్చింది.

అదే కాలంలో అమెజాన్ అడవిలో, పుటుమాయో నది దగ్గర, హూలియో సేసర్ అరానా అనే రబ్బరు వ్యాపారి రాజ్యం నడిచింది. అతని కంపెనీ 1907లో లండన్‌లో రిజిస్టరైంది. ఉయిటోటో, బోరా, అండోకే తెగల వాళ్ళను కొట్టి, ఆకలికి మాడ్చి, చంపి రబ్బరు తీయించారు. తెచ్చిన రబ్బరు తూకంలో తక్కువ వస్తే కొరడా దెబ్బలు. 1910లో కేస్‌మెంట్ అక్కడికీ వెళ్ళి చూశాడు. ఆయన నివేదిక 1912లో బయటికొచ్చింది. లండన్ పార్లమెంటు విచారణ జరిపింది. కానీ అరానాకి జైలు శిక్ష పడలేదు. తర్వాత అతను పెరూలో సెనేటర్ కూడా అయ్యాడు.

మనకి ఇది కొత్త కథలా అనిపించదు. ముఠాదారుల వెట్టి, అటవీ గార్డుల మామూళ్ళు, షావుకారు తూకం గురించి మన తాతల దగ్గర విన్నవాళ్ళమే. దేశం వేరు, భాష వేరు. కానీ తక్కెడ పట్టుకున్నవాడి మాటే లెక్క అనే పద్ధతి ఒక్కటే.

అడవి నుంచి తోటలోకి

1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషు మనిషి బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 రబ్బరు గింజలు లండన్‌లోని క్యూ తోటకి చేర్చాడు. అందులో మొలిచినవి కొన్ని వేలే. ఆ మొక్కలే సిలోన్‌కి, మలయాకి వెళ్ళాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తోటల రబ్బరు ముందు అడవి రబ్బరు ధర నిలబడలేకపోయింది.

ఆ మలయా తోటల్లో పాలు తీసింది ఎవరో తెలుసా? ఎక్కువమంది తమిళులు, వాళ్ళతో పాటు మన తెలుగువాళ్ళు. కోస్తా జిల్లాల నుంచి కంగాణీల మాట నమ్మి ఓడ ఎక్కిన కుటుంబాలు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ మలేసియాలో తెలుగు మాట్లాడుతున్నారు.

1926లో అమెరికా టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ ఆఫ్రికాలోని లైబీరియాలో పది లక్షల ఎకరాల దాకా తీసుకునే హక్కును 99 ఏళ్ళ లీజుకి పొందింది. కౌలు ఎకరానికి ఆరు సెంట్లు. అది బస్సా, క్పెల్లే లాంటి తెగల నేల, వాళ్ళను అడిగిన పాపాన పోలేదు. 1930లో నానాజాతి సమితి పంపిన కమిషన్ లైబీరియాలో బలవంతపు చాకిరి నడుస్తోందని, అందులో ప్రభుత్వ పెద్దల హస్తం ఉందని తేల్చింది. ఆ దేశ అధ్యక్షుడు చార్లెస్ కింగ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. మనకి 1/70 చట్టం ఎందుకు ముఖ్యమో ఎవరైనా అడిగితే, ఈ ఎకరానికి ఆరు సెంట్ల కథ చెప్పండి.

ఫైర్‌స్టోన్ పేరు గుర్తుపెట్టుకోండి. ఇంకోసారి వస్తుంది.

2000: ఒక ఫ్యామిలీ బండి, ఒక టైరు

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1990లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఎక్స్‌ప్లోరర్ అనే బండి తెచ్చింది. మన బొలెరో, స్కార్పియో లాగే ఎత్తుగా ఉండే, కుటుంబమంతా పట్టే బండి. తెగ అమ్ముడుపోయింది. దానికి ఫైర్‌స్టోన్ టైర్లు.

ఎత్తు బండికి ఒక గుణం ఉంది. బరువు పైన ఉంటుంది కాబట్టి, ఒక్కసారిగా పక్కకి లాగితే బోల్తా కొట్టే అవకాశం కారుకంటే ఎక్కువ. బండి మెత్తగా, నిలకడగా నడవాలని ఫోర్డ్ ఈ టైర్లలో 26 పౌండ్ల గాలి చాలంది. తర్వాత గొడవ ముదిరినప్పుడు ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది.

గాలి తగ్గితే ఏమవుతుంది? టైరు పక్క గోడ ప్రతి తిరుగుడుకీ ఎక్కువ వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వేడెక్కుతుంది చూశారా, అలాగే రబ్బరు వేడెక్కుతుంది. పైన ఎండ, లోపల నిండా జనం, వేగం. ఆ టైర్లలో లోపలి ఉక్కు పొరల అంచుల దగ్గర పగుళ్ళు వచ్చి, నేలను తాకే పై పొర మొత్తం ఊడి వచ్చేసేది. టైరు పాతబడేకొద్దీ ఈ ప్రమాదం పెరిగింది. వెనక టైరు అలా ఊడితే బండి ఒక్కసారిగా తిరిగిపోయి బోల్తా పడేది.

వేడి దేశాల్లో ముందు బయటపడింది. 1999లోనే సౌదీ, గల్ఫ్ దేశాల్లో ఫోర్డ్ ఆ టైర్లు మార్చింది. అమెరికాలో జనానికి మాత్రం అప్పుడు చెప్పలేదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో ఒక టీవీ ఛానల్ కథనం ప్రసారం చేశాక ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకుంది. 2001లో ఫోర్డ్ ఇంకో 1 కోటి 30 లక్షల టైర్లు మారుస్తానంది. దాదాపు వందేళ్ళ వ్యాపార స్నేహం తెగిపోయింది. ప్రభుత్వ లెక్కల్లోకి వచ్చిన చావులు 271.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన విషయం ఇంకోటి ఉంది. చెడ్డ టైర్లలో ఎక్కువ భాగం ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకాటర్ ఫ్యాక్టరీవి. అక్కడ 1994 నుంచి 1996 దాకా పెద్ద కార్మిక వివాదం నడిచింది. కంపెనీ షిఫ్టు గంటలు పెంచింది, కొత్తవాళ్ళ కూలి తగ్గిస్తానంది. కార్మికులు సమ్మె చేస్తే బయటి నుంచి వేరేవాళ్ళను తెచ్చి పని చేయించింది. అలన్ క్రూగర్, అలెగ్జాండ్రె మాస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో లెక్కలు తీసి చూపించారు: ఆ గొడవ నడిచిన కాలంలో ఆ ఫ్యాక్టరీలో చేసిన టైర్లే ఎక్కువగా పాడయ్యాయి. అంటే పనిచేసేవాడి కడుపు కొట్టి మిగుల్చుకున్న డబ్బుకి, బండిలో కూర్చున్న కుటుంబం ప్రాణంతో బాకీ తీర్చింది. కాంగోలో చెల్లించింది రబ్బరు తెచ్చేవాడు. ఇక్కడ కొన్నవాడు కూడా చెల్లించాడు.

ఈ గొడవ తర్వాతే 2000 నవంబరులో అమెరికాలో కొత్త చట్టం వచ్చింది. గాలి తగ్గితే డ్రైవరుకి హెచ్చరిక చూపించే పరికరం అక్కడి కొత్త బండ్లలో తప్పనిసరి అయ్యింది. టైరు మీద తేదీ కూడా చూడండి: 2000కి ముందు మూడే అంకెలు ఉండేవి, ఏ దశాబ్దమో తెలిసేది కాదు. 2000 నుంచి నాలుగు అంకెలు, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం.

ఇక మన బండి

ఇప్పుడు చిన్నాన్న టైరు దగ్గరికి వద్దాం. మా బొలెరో సైజు 215/75 ఆర్15, దాని పక్కన 100ఎస్. ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం.

215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం, అంటే దాదాపు 161 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు అడ్డంగా, నేరుగా వేసే పద్ధతి. మిషెలిన్ 1946లో దీనికి పేటెంటు తీసుకుంది. 15 అంటే రిమ్ము అంగుళాల్లో.

షాపు ఆయన చూపించిన వెడల్పు టైరు 235/75 ఆర్15. లెక్కేస్తే చక్రం మొత్తం ఎత్తు 703 నుంచి 733 మిల్లీమీటర్లకి పెరుగుతుంది, నాలుగు శాతం పైన. అంటే మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 62 దాటి పోతుంటుంది. బండి ఇంకొంచెం ఎత్తవుతుంది, బరువు ఇంకా పైకి వెళ్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకి రాసుకోవచ్చు. పైగా మేము కొనేది రెండే కాబట్టి ముందు ఒక సైజు, వెనక ఒక సైజు అవుతుంది. మన ఘాట్ మలుపుల్లో దర్జా కంటే నిలకడ ముఖ్యం. అందుకే కంపెనీ ఇచ్చిన సైజే. డ్రైవరు డోరు తీస్తే లోపల స్టిక్కర్ మీద, లేదా బండి పుస్తకంలో ఉంటుంది.

100 అనేది బరువు సంఖ్య. 100 అంటే ఒక టైరు 800 కిలోలు మోస్తుంది. 95 అయితే 690, 91 అయితే 615. చూడ్డానికి తొమ్మిదే తేడా, కానీ నాలుగు టైర్లకి కలిపి 740 కిలోలు తేడా! ఆ మోత కూడా గాలి సరిగ్గా ఉన్నప్పుడే. ఏడుగురు ఎక్కాల్సిన బండిలో మనం పదిహేనుమందిని ఎక్కిస్తాం, పైన బస్తాలు, వెనక వేలాడేవాళ్ళు. ఆ బరువంతా ఎక్కువగా వెనక రెండు టైర్ల మీదే పడుతుంది. అందుకే బండికి చెప్పినదానికంటే తక్కువ బరువు సంఖ్య ఉన్న టైరు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అలాగని ఎక్కువ సంఖ్య ఉన్నది వేస్తే పదిహేనుమందిని ఎక్కించవచ్చని కాదు. బ్రేకులు, స్ప్రింగులు మారవు కదా. ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని. మనకి అది చాలు, ఇంకా ఎక్కువే.

తేదీ సంగతి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలి, ఎండ, వేడి దాన్ని గట్టిపరుస్తాయి. కొన్ని బండి కంపెనీలు ఆరేళ్ళకి మార్చేయమంటాయి. టైరు కంపెనీలు ఎంత బాగా కనిపించినా పదేళ్ళు దాటనివ్వొద్దంటాయి. ఎనిమిదేళ్ళు గోడౌన్లో పడున్న టైరు "కొత్తది" కాదు, వాడని పాతది. కొనేటప్పుడు ఏడాది లోపు తేదీ ఉన్నది అడగండి. ఐఎస్ఐ ముద్ర కూడా చూడండి, మన దేశంలో అమ్మే టైర్లకి అది తప్పనిసరి.

బటన్ల రకం సంగతి. షాపులో మూడు మాటలు వినిపిస్తాయి: హెచ్‌టీ తారు రోడ్డుకి, ఏటీ తారుకీ మట్టికీ మధ్యస్తంగా, ఎంటీ బురదకి. ఎంటీ గాళ్ళు చూస్తే ట్రాక్టరు టైరులా ముచ్చటగా ఉంటాయి. కానీ తడి తారు మీద దాని పట్టు తక్కువ, చప్పుడు ఎక్కువ, డీజిలు ఎక్కువ తాగుతుంది. మన బండి ఎక్కువ దూరం తిరిగేది ఘాట్ తారు రోడ్డు మీదే అయితే హెచ్‌టీ చాలు. రోజూ మట్టి రోడ్డు, వాగు దాటే ఊళ్ళయితే ఏటీ తీసుకోండి.

అరుగుదల సంగతి. గాళ్ళ మధ్యలో అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. బటన్లు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. మన దేశంలో చట్టం ఒప్పుకునే హద్దు అదే. ఒక మాయ ఏమిటంటే, ఎండాకాలం పొడి రోడ్డు మీద నున్నటి టైరు కూడా బాగానే పట్టుకుంటుంది. అందుకే "ఇంకో నెల లాగుదాం" అనిపిస్తుంది. గాళ్ళ పని నీళ్ళను పక్కకి తోసేయడం. మొదటి వాన పడ్డ రోజు గానీ లోటు తెలియదు. ఆ రోజు మనం ఏ మలుపులో ఉంటామో ఎవరికి తెలుసు?

గాలి సంగతి. టైరు మీద రాసి ఉండేది దాని ఆఖరి హద్దు. మనం కొట్టించాల్సింది డోరు స్టిక్కర్ మీద ఉన్న అంకె. నిండుగా ఎక్కించినప్పటికి వేరే అంకె ఉంటే అది చూడాలి. పొద్దున్నే బండి తిరగకముందు చూసుకోవాలి, ఎందుకంటే తిరిగాక వేడికి గాలి ఎక్కువ చూపిస్తుంది. ఎక్స్‌ప్లోరర్ కథలో ఆ నాలుగు పౌండ్ల తేడా మీద ఎంత గొడవ జరిగిందో గుర్తుంచుకోండి.

మేము ఏం చేశాం

నాలుగు పాత టైర్లా, రెండు మంచి టైర్లా? షాపు ముందు అరగంట వాదించుకున్నాం. చివరికి చిన్నాన్న ఒప్పుకున్నాడు. మా సైజు, 100ఎస్, ఆరు నెలల కిందటి తేదీ ఉన్న టైర్లు రెండు తీసుకున్నాం. "కొత్తవి ముందు వేయరా, స్టీరింగ్ అక్కడే కదా" అన్నాడు. ఇది చాలామంది అనే మాట. కానీ టైరు కంపెనీలు కొత్తవి రెండూ వెనక్కే వేయమంటాయి. ముందు చక్రాలు జారితే డ్రైవరుకి స్టీరింగ్‌లో తెలుస్తుంది, వేగం తగ్గించుకోవచ్చు. వెనక జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, చేతిలో ఉండదు. వెనక్కే వేయించాం.

స్టెప్నీ దించి చూస్తే దాని మీద 0812 ఉంది. పన్నెండేళ్ళ టైరు! ఇన్నాళ్ళూ దాని ధైర్యంతో ఘాట్ ఎక్కి దిగామన్నమాట. కాఫీ డబ్బులు చేతికొచ్చాక ముందు టైర్లు రెండూ మార్చి, అప్పటిదాకా ముందు ఉన్నవాటిలో మంచిది స్టెప్నీకి పెట్టాం.

ఇప్పుడు చిన్నాన్నే ఎవరి బండి కనిపించినా వంగి అంకెలు చూస్తున్నాడు. "ఒరే, ఇది ఏ ఏడాదిదో చూడు" అని డ్రైవర్లకి క్లాసు పీకుతున్నాడు. ఆయన చదివింది ఐదో తరగతి. నాలుగంకెలు చదవడానికి అది చాలు.

కాంగోలో, పుటుమాయోలో రబ్బరు తెచ్చినవాళ్ళకి తక్కెడ మీద అంకె చదివే అవకాశం లేదు, చదివినా అడిగే హక్కు లేదు. మనకి రెండూ ఉన్నాయి. ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ ఊరి జీపు, మీ బాబాయి బొలెరో, మిమ్మల్ని హాస్టల్‌కి దింపే ఆటో, ఏదైనా సరే, ఎక్కేముందు ఒక్కసారి వంగి చూడండి. వారం, సంవత్సరం, బరువు సంఖ్య, గాళ్ళ లోతు. బాగాలేకపోతే మొహమాటపడకుండా చెప్పండి. "నీ చదువంతా దీని మీదేనా" అని నవ్వితే నవ్వనివ్వండి. ఆ బండిలో రేపు ఎక్కేది మన అమ్మో, మన చెల్లో.